పెద్దకాపు అడగని మాట

తెల్లవారుజామున వేటకు పోయిన పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరుతున్నాయి. కామాక్షయ్య ఇంటి ముందు అరుగు మీద కూర్చుని టీ ఊదుకుంటూ, ఏ పడవకు ఎంత చేప పడిందో అక్కడినుంచే అంచనా కడుతున్నాడు. ఆయన ఆ పల్లెపాలేనికి పెద్దకాపు. అంటే ఊళ్ళో ఏ తగువు వచ్చినా, పోలేరమ్మ గుడి ముందు జరిగే పంచాయితీలో ఆఖరి మాట ఆయనదే. ఇంట్లో కూడా ఆఖరి మాట తనదేనని ఆయన గట్టి నమ్మకం. పాపం, ఆ నమ్మకాన్ని ఇంట్లోవాళ్ళు చెడగొట్టకుండా కాపాడుకుంటూ వస్తున్నారు.

"టీలో చక్కెర వేసినావా, చూపించి తీసేసినావా?" అని లోపలికి కేకేశాడు.

"నీకు చక్కెర జబ్బని డాక్టరు చెప్పినాడు గదా. చూపించిందే ఎక్కువ," అంది వంటింట్లోంచి ఆయన భార్య రాఘవమ్మ.

ఆయన ఇంకేదో అనబోయాడు. అంతలో కోడలు సుభాషిణి చేతిలో ఫోనుతో గబగబా బయటికొచ్చింది. వాకాడు దగ్గరినుంచి వచ్చిన పిల్ల, డిగ్రీ దాకా చదివింది. మామ ముందు నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఈ ఉదయం మాత్రం గొంతు ఆగడం లేదు.

"మామా, లాయరు చంద్రమౌళి గారు ఫోన్ చేసినారు. జడ్జి గారు ఒప్పుకున్నారంట! సోమవారం నెల్లూరు కోర్టులో మీ మాట వింటారంట."

కామాక్షయ్య గ్లాసు కింద పెట్టాడు. కోర్టు ఒప్పుకోదనీ, తాను పోవాల్సిన పని పడదనీ ఇన్నాళ్ళు ధీమాగా ఉన్నాడు. ఇప్పుడు ఆ ధీమా కాస్తా పోయింది.

"నేను రానని ముందే చెప్పినా గదమ్మా," అని లేచి, తుండు భుజాన వేసుకుని ఒడ్డు వైపు నడిచాడు. టీ సగం గ్లాసులోనే ఉండిపోయింది.

ఇదంతా ఎక్కడ మొదలైందో చెప్పాలంటే ముందు ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. తగువు పంచాయితీకి వచ్చాక రెండు వైపులవాళ్ళూ గొంతులు పోయేదాకా అరుచుకుంటారు. పొద్దు వాలుతుంది. మర్నాడు వేట ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు ముందుకొచ్చి, తుండు నడుముకు చుట్టుకుని, ఇసుకలో సాగిలపడి "తప్పైపోయింది" అంటారు. అంతే, ఆ మాటతో తగువు తెగిపోతుంది. తప్పు నిజంగా ఎవరిదని ఆ తర్వాత ఎవ్వరూ తవ్వరు. పైగా ఆ మాట అన్నవాణ్ణి పెద్దమనసున్నవాడని మెచ్చుకుంటారు. ఒకే పడవ ఎక్కాల్సిన మనుషులు ఎవరిది తప్పో తేల్చుకుంటూ కూర్చుంటే పడవ కదలదని వాళ్ళ ఉద్దేశం. అందులో తెలివి లేకపోలేదు.

రెండేళ్ళ కిందట ఎక్కడిదో పెద్ద మరబోటు ఒడ్డుకు మరీ దగ్గరగా వచ్చి ఈ ఊరివాళ్ళ వలలు చించుకుపోయింది. కుర్రాళ్ళు వెంటాడి దాన్ని పట్టి తెచ్చి కట్టేశారు. బోటును విడిపించడానికి పోలీసులు వచ్చారు. అరుపులు తోపులాటయ్యాయి. ఆ గందరగోళంలో గిరిబాబు అనే కానిస్టేబులు వెల్లకిలా పడ్డాడు. ఇసుకలో ఉన్న లంగరు తగిలి తల పగిలింది. ఆయన పక్కనే పడి ఉన్నవాడు పెంచల్, పెద్దకాపు కొడుకు. అతని పిడికిట్లో కానిస్టేబులు చొక్కా చిరుగు ఉంది. విధి నిర్వహణలో ఉన్న పోలీసును కొట్టాడని కేసు పెట్టారు.

కామాక్షయ్యకు కోర్టు కొత్త. పంచాయితీ మాత్రం కొట్టిన పిండి. కోర్టంటే కొంచెం పెద్ద పంచాయితీ అనుకున్నాడు. వాయిదాలు నడిచాయి, సాక్షులు వచ్చిపోయారు. చివరికి జడ్జి గారు పెంచల్‌నే అడుగుతారని తెలిసినప్పుడు కొడుకును పిలిచి, "ఎవరు నెట్టినా ఊరు నెట్టినట్టే. తప్పైపోయిందని చెయ్యెత్తి దణ్ణం పెట్టు. పెద్దమనుషులు అర్థం చేసుకుంటారు," అని చెప్పి పంపాడు.

పెంచల్ తండ్రి మాట జవదాటే రకం కాదు. "సాక్షులు ఇలా చెప్పారు, నువ్వేమంటావు?" అని జడ్జి గారు అడగ్గానే చేతులు జోడించి, "తప్పైపోయింది అయ్యా, క్షమించండి," అన్నాడు. అని, ఇక అయిపోయిందనుకుని, బయట విడిచిన చెప్పుల వైపు చూశాడు.

తీర్పులో ఆ మాటనే పట్టుకున్నారు. ముద్దాయి స్వయంగా ఒప్పుకున్నాడని రాసి ఏడాది జైలు వేశారు.

సుభాషిణి ఏడుస్తూ కూర్చోలేదు. చంద్రమౌళి గారిని వెతికి పట్టుకుంది. ఆయన పై కోర్టులో అప్పీలు వేసి, అది తేలేదాకా శిక్ష ఆపించి, పెంచల్‌కు బెయిలు తెచ్చారు. అప్పీలు ఓడిపోతే మాత్రం నేరుగా జైలుకే. "మీ ఊళ్ళో ఆ మాటకు అర్థం వేరని ఎవరైనా చెప్పాలమ్మా. ఎవరో చెబితే చాలదు. పంచాయితీ చేసే మనిషే వచ్చి చెప్పాలి," అన్నారాయన. ఆ మనిషి ఈమె ఇంట్లోనే ఉన్నాడు, రానంటున్నాడు.

ఒడ్డున పడవ నీడలో రెండో కాపు చిన్నపోలయ్య కూర్చుని ఉన్నాడు. కబురు అప్పటికే ఆయన చెవిన పడింది. ఆ ఊళ్ళో ఫోను మోగకముందే కబురు పాకుతుంది.

"పోతావా అన్నా, కోర్టుకు?" అన్నాడు చిన్నపోలయ్య.

"నేనెందుకు పోతా?"

"పోబాక. నువ్వు పొయ్యి, మా ఊళ్ళో తప్పని అన్నోడు తప్పు చేసినట్టు కాదు అని చెప్తివనుకో, రేపు పంచాయితీలో ఎవుడన్నా మన మాట వింటాడా? ఇన్నేళ్ళు మనం చెప్పినవన్నీ ఏమైపోతాయి?"

కామాక్షయ్య మనసులో ముల్లులా గుచ్చుకుంటున్నది కూడా అదే. మరొకరి నోట వినేసరికి అది తన స్వార్థం కాదు, ఊరి మంచి అన్నట్టు అనిపించింది. మనసు కొంచెం తేలికపడి ఇంటికి బయలుదేరాడు.

మధ్యాహ్నం పెంచల్ వేటనుంచి వచ్చి స్నానం చేసి తండ్రి పక్కన భోజనానికి కూర్చున్నాడు. రాఘవమ్మ వడ్డిస్తోంది. సుభాషిణి గుమ్మం దగ్గర నిలబడింది.

"మామా, ఒక్కసారి ఆలోచించండి," అంది.

"ఆలోచించేదానికి ఏముందమ్మా. వాడు నలుగురిలో ఒక మాటన్నాడు. అన్న మాట వెనక్కి తీసుకునే ఇల్లు కాదు ఇది. ఏడాదంటే ఎంత, తిరిగి చూసే లోపల అయిపోతుంది."

సుభాషిణి ముఖం ఎర్రబడింది. "జైలుకు పోయేది మీరు కాదు గదా మామా."

"సుభాషిణీ!" అన్నాడు పెంచల్.

"నన్నెందుకు ఆపుతావు? రెండేళ్ళుగా ఆగినా. నువ్వు ఆయన మాట కాదనవు, ఆయన ఊరి మాట కాదనరు. మధ్యలో నేనేమైపోవాల? మామా, కోపం తెచ్చుకోకుండా ఒక్కటి చెప్పండి. నెట్టినావా లేదా అని మీ కొడుకును మీరు ఒక్కసారన్నా అడిగినారా?"

కామాక్షయ్య ముద్ద చేతిలోనే ఆగిపోయింది. గొంతు పెంచాడు. "అడిగేదేముంది? పంచాయితీలో తప్పని అన్నంత మాత్రాన ఎవుడి ప్రాణం పొయ్యింది ఇంతవరకు? అన్నోడికి గౌరవమే గాని నష్టమేముంది?"

అప్పుడు గరిట కిందపడిన చప్పుడైంది. పడలేదు, రాఘవమ్మ విసిరింది. పులుసు గోడ మీదకు చిందింది. ఆ ఇంట్లో ఆమె ఒక వస్తువు విసరడం అదే మొదలు.

"నష్టం లేదా?" అంది. "నన్ను చూసి చెప్పు. నాకేం నష్టం లేదా?"

"నీకేమైంది ఇప్పుడు?"

"ఇప్పుడు గాదు. నేను ఈ ఇంటికి వచ్చిన ఏడు. పెద్ద వల కాలిపొయ్యింది, గ్యాపకం ఉందా? నీదీ, మీ చిన్నాయనదీ కలిపిన వల. కొత్త కోడలు దీపం పెట్టి మరిచిపొయ్యింది అన్నారు. మీ చిన్నాయన పంచాయితీ పెట్టించినాడు. నువ్వు నా దగ్గరికొచ్చి ఏం చెప్పినావు? తప్పైపోయిందని అనెయ్, అయిపోతుంది అన్నావు. పద్దెనిమిదేళ్ళు నాకు. అందరి ముందర, కొత్త చీర కట్టుకుని, ఇసకలో పడి అంటి. అయిపొయ్యిందా?"

కామాక్షయ్య ముద్దను పళ్ళెంలో వదిలేశాడు.

"ఈ పొద్దుకీ నా పేరు వల కాల్చిన రాఘవమ్మే. కొత్త వల ఏసే రోజు నన్ను ఆ చాయలకు రానీరు. పక్కూళ్ళో పేరంటానికి పోతే అదే మాట. ఈ పిల్లను అడగబోతే వాళ్ళ నాయన గూడా అడిగినాడు, వల కాల్చినామె ఇల్లేనా అని."

సుభాషిణి తల దించుకుంది. నిజమే, అడిగాడు.

"అది నేను కాల్చలా," అంది రాఘవమ్మ. "మీ అమ్మ వల పక్కన కూర్చుని చుట్ట కాల్చుకుంటా కునుకు తీసింది. నేను చూస్తినే. ఆ ముసలామె మీద చెప్పలేక నోరు మూసుకున్నా. నువ్వు ఒక్కసారి, ఒక్కసారి ఏమైంది రాఘవా అని అడిగుంటే నీకు మాత్రం చెప్పేదాన్ని. నువ్వు అడగలా. మనుషులు చచ్చేదాకా మోస్తారయ్యా ఆ మాటను. పంచాయితీ నుంచి నువ్వు లేచి వచ్చేస్తావు. వాళ్ళు ఆడ్నే ఉండిపోతారు."

బయట ఐసు ఆటో హారను మోగించుకుంటూ పోయింది. కామాక్షయ్యకు తల్లి గుర్తొచ్చింది. ఆమె చుట్ట వాసన, వల దగ్గర ఆమె రోజూ కూర్చునే చోటు, అన్నీ గుర్తొచ్చాయి. నిజానికి ఆ రోజే ఆయనకు ఎక్కడో అనుమానం తగిలింది. తెలుసుకుంటే తల్లిని అడగాల్సి వస్తుందని ఆ అనుమానాన్ని అక్కడే తొక్కేశాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి ఆయనకు.

కొడుకు వైపు తిరిగాడు. "పెంచలూ, ఆ రోజు ఏం జరిగిందిరా?"

పెంచల్ తండ్రిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "ఎనకాల నుంచి ఎవురో తోసినారు నాయనా. ఆయన పడతా ఉంటే నేను చొక్కా పట్టుకున్నా. చొక్కా చినిగింది, ఆయనతో పాటు నేనూ పడినా. అంతే."

"మరి ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పలా?"

"నువ్వు అడగలా," అన్నాడు పెంచల్. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉండి ఉంటే కామాక్షయ్యకు ఇంకొంచెం సులువుగా ఉండేది.

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. గుమ్మం దగ్గర కోడలి ముందు ఆగి, "సోమారం ఎన్నింటికి పోవాలమ్మా?" అని అడిగాడు.

సోమవారం పెద్దకాపు కోర్టు బోనెక్కాడు. పంచాయితీలో తాను కూర్చుంటే ఎదురుగా జనం నిలబడేవాళ్ళు. ఇక్కడ నిలబడడం తన వంతైంది. వెనక బెంచీలో చిన్నపోలయ్య, ఊరివాళ్ళు మరికొందరు కూర్చుని ఉన్నారు. పెద్దకాపు ఏమంటాడో వినాలని పొద్దున్నే బస్సెక్కి వచ్చారు.

చంద్రమౌళి గారు అడిగితే పద్ధతి గురించి ఎలాగో చెప్పాడు. తర్వాత ప్రభుత్వం తరఫు లాయరు లేచారు.

"అంటే మీ పంచాయితీలో తప్పు ఒప్పుకున్నవాళ్ళెవరూ తప్పు చేయలేదంటారా?"

"చేసినోళ్ళు ఉండొచ్చు. చెయ్యనోళ్ళు ఉండొచ్చు. నాకు తెలీదండీ."

"ఇన్నేళ్ళుగా తీర్పులు చెబుతూ తెలీదంటారేమిటి?"

కామాక్షయ్య వెనక బెంచీల వైపు చూశాడు. చిన్నపోలయ్య కళ్ళు దించుకున్నాడు. ఎంతమంది ఇసుకలో సాగిలపడ్డారో, ఎంతమంది ముఖాలు చిన్నబుచ్చుకుని వెళ్ళారో ఇప్పుడు వరసగా కళ్ళ ముందుకొచ్చాయి.

"నేను అడగలేదండీ," అన్నాడు. "తగువు తెగితే చాలనుకున్నా. ఏం జరిగిందని అడగలా. నా కొడుకును గూడా అడగలా. ఆ మాట వాడి చేత అనిపించింది నేను. వాడు నెట్టలేదని నాతో…"

"మీరు విన్నది వద్దు, మీకు స్వయంగా తెలిసింది చెప్పండి," అన్నారు జడ్జి గారు మెత్తగానే.

"నాకు తెలిసింది అదొక్కటేనండీ. ఆ మాట వాడిది కాదు. నాది."

బోను దిగి వస్తుంటే కళ్ళు మసకబారి మెట్టు కనబడలేదు. పెంచల్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

తీర్పు కొన్ని వారాలకు వచ్చింది. ఆ వారాలు ఆ ఇంట్లో ఎలా గడిచాయో చెప్పనవసరం లేదు. పెంచల్ వేటకు పోయి వస్తూనే ఉన్నాడు. సుభాషిణి మాత్రం అతని బట్టలు ఉతికి మడతపెట్టినప్పుడల్లా, వీటిని సంచీలో సర్దే రోజు వస్తుందేమోనని దిగులుపడింది.

జడ్జి గారు చదివింది సగం ఇంగ్లీషు, సగం తెలుగు. తనను నెట్టింది ఎవరో తాను చూడలేదని కానిస్టేబులే మొదటినుంచీ చెప్పాడు. మిగిలిన సాక్షులు చూసింది ఇద్దరూ పడి ఉండడాన్నే. ఇక మిగిలింది ముద్దాయి అన్న ఆ ఒక్క మాట. అది తానే అనిపించానని తండ్రే వచ్చి చెప్పాడు. దాన్ని మాత్రమే పట్టుకుని శిక్ష నిలబెట్టడం కుదరదు. అప్పీలు ఒప్పుకుంటున్నాం, శిక్ష రద్దు.

పెంచల్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. భార్య వైపు చూశాడు. సుభాషిణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అతని ముఖం పాలిపోయింది.

"ఏమన్నారు? పోవాల్నా?"

"పోవాల," అంది సుభాషిణి ఏడుస్తూనే నవ్వి. "ఇంటికి పోవాల!"

అతను అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు. రెండేళ్ళుగా నిటారుగా నిలబెట్టుకున్న వీపు ఒక్కసారిగా వంగిపోయింది. చంద్రమౌళి గారు భుజం తట్టి, "లే నాయనా, నువ్వు లేస్తే ఇంకో కేసువాళ్ళు కూర్చుంటారు," అన్నారు. అందరూ నవ్వారు. ఏ మాటన్నా నవ్వేలాగే ఉన్నారు అప్పుడు.

వరండాలో గిరిబాబు ఎదురయ్యాడు. వేరే కేసు డ్యూటీ మీద వచ్చాడట. నుదుటి పైన కుట్ల గీత ఇంకా కనిపిస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఇబ్బందిగా నిలబడ్డారు.

"తల ఎట్ట ఉండాది సార్?" అన్నాడు పెంచల్.

"మబ్బు పడితే నొప్పి పెడతది," అన్నాడు గిరిబాబు. ఆ గీత తడుముకుని, "పడేటప్పుడు చొక్కా ఎవరో లాగినట్టయింది. కొట్టేదానికి లాగినారో, పట్టుకునేదానికి లాగినారో నాకు తెలీలా. తెలీదనే చెప్పినా, ఆడా ఈడా," అన్నాడు.

"తెలీదని చెప్పబట్టే మా వాడు బయటపడినాడు నాయనా," అన్నాడు కామాక్షయ్య. ఈ మధ్య ఆ మాట విలువ ఆయనకు బాగా తెలిసింది.

ఆటో పల్లెపాలెం చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. పోలేరమ్మకు కొబ్బరికాయ కొట్టాలని గుడి దగ్గర దిగారు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఎవరో పెంచల్‌ను భుజాలకెత్తుకున్నారు. సుభాషిణికి ఆడవాళ్ళు బొట్టు పెట్టారు. చిన్నపోలయ్య కూడా వచ్చాడు. సంతోషించాడు, కానీ మనసులో పీకుతున్నది అడక్కుండా ఉండలేకపోయాడు.

"అంతా మంచిదే అయ్యింది అన్నా. ఇంక మన పంచాయితీ ఎట్ట నడవాల?"

"నడుస్తది," అన్నాడు కామాక్షయ్య. "ఏం జరిగిందని అడుగుదాం. రెండు పూటలు ఎక్కువ పడితే పడతాది. అందరూ ఈడ్నే ఉండారు గదా, ఒక పాత తగువుతో మొదలుపెడదాం." ఆయన ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "రాఘవా, ఇట్టా రా."

రాఘవమ్మ ఉలిక్కిపడింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు పంచాయితీ మధ్యకు వచ్చేది తప్పైపోయింది అనడానికే. "నేనెందుకయ్యా? ఇంట్లో చెప్పినా గదా, చాల్లే. ఆ మహాతల్లి పొయ్యి ఎన్నేళ్ళయిందో."

"ఇంట్లో మేం ముగ్గురమే ఇన్నాం. నీచేత అనిపించింది ఊరి ముందర. పెద్ద వల కాలిన రోజు ఏం జరిగింది?"

రాఘవమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుని ఇసుక వైపు చూస్తూ నిలబడింది. ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు. మనసులో ఎన్నిసార్లు చెప్పుకుందో, తీరా అడిగేసరికి ఒక్క మాటా రాలేదు. సుభాషిణి వచ్చి పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది.

"నేను కాల్చలా," అంది చివరికి. గట్టిగానే అంది, వెనక వరసలోవాళ్ళకు కూడా వినబడేటట్టు. "ఆ వల నేను కాల్చలా."

అని, ఏడవబోయి నవ్వేసింది. "అబ్బా! ఇంతేనయ్యా, ఇంత చిన్న మాట. ఇన్నాళ్ళు గొంతులో ఎట్ట పట్టిందో ఏమో!"

ముసలామె ఒకరు ముందుకొచ్చి ఆమె తల నిమిరింది. ఎదురుపడినప్పుడల్లా వల కాల్చినమ్మా అని పిలిచే మనిషే ఆమె. కామాక్షయ్య కళ్ళు తుడుచుకున్నాడు, తుడుచుకున్నది ఎవరూ చూడలేదనుకున్నాడు. ఊరంతా చూసింది.

"ఇంకేమన్నా ఉందా?" అని అడిగాడు భార్యను.

"ఉంది," అంది రాఘవమ్మ. "చానా ఉంది."

"చెప్పు," అంటూ పెద్దకాపు ఆమె ఎదురుగా ఇసుకలో కూర్చున్నాడు.